గల్ఫ్‌లో మనవాళ్ల బడులు: ఎలా పుట్టినయ్, ఎవరికి అందినయ్

ప్రతి ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే మన ఫోరం సభ్యులు ఎక్కువగా అడిగేది జీతం గురించో, గ్రాట్యుటీ గురించో కాదు. "అన్నా, ఫ్యామిలీ వీసా దొరికేటట్టుంది. పిల్లల్ని ఇక్కడ ఏ బడిలో వెయ్యాలి? ఇంటర్నేషనల్ స్కూల్ మనకు అందుతదా?" అని అడుగుతారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసే విషయం కాదిది. ఇక్కడి బడులు ఒక్కొక్కటి ఎవరి కోసం, ఏ కాలంలో, ఎవరి డబ్బుతో పుట్టాయో తెలిస్తే తప్ప ఏది మనకు సరిపోతుందో తేలదు. అందుకే ఈసారి పుస్తకంలో ఆ చరిత్రే రాద్దామనుకున్నాం.

ముందు పేరు సంగతి. మన దగ్గర జగిత్యాల రోడ్డు మీద, రాయచోటి రోడ్డు మీద పోతుంటే 'ఇంటర్నేషనల్ స్కూల్' అన్న బోర్డులు వరసగా కనబడతాయి. అందులో వేరే దేశం పిల్లోడు ఒక్కడు కూడా ఉండడు. ఆ మాట అసలు పుట్టింది వేరే అవసరానికి. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఆఫీసులు పెట్టుకున్నాయి. అక్కడికి ఉద్యోగానికి వచ్చినవాళ్లు రకరకాల దేశాలవాళ్లు. నాలుగేళ్లకో, ఐదేళ్లకో మళ్లీ పోయేవాళ్లు. వాళ్ల పిల్లలు ఏ భాషలో చదవాలి, తిరిగి పోయాక ఏ తరగతిలో కూర్చోవాలి? ఈ తిప్పలు తీర్చడానికి 1924లో ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫ్ జెనీవా మొదలైంది. అదే ఏడాది జపాన్‌లోని యోకోహామాలో కూడా ఇలాంటిదే ఒకటి వచ్చింది. తర్వాత చాలా కాలానికి, 1968లో, ఏ దేశం పోయినా చెల్లే పరీక్ష ఒకటి ఉండాలని అదే జెనీవాలో ఇంటర్నేషనల్ బాకలోరియట్ పెట్టారు. ఐబీ స్కూల్ అని మనం వినేది దాన్నే.

అంటే ఇంటర్నేషనల్ స్కూల్ మొదటి నుంచీ వలసపోయినవాళ్ల పిల్లల బడే. కార్మికుల హక్కుల కోసం పెట్టిన సంస్థ ఉద్యోగుల పిల్లలే అందులో మొదటి బ్యాచ్‌ల్లో ఉన్నారు. కార్మికుల పిల్లలు మాత్రం లేరు. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి, ముందు ముందు మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక గల్ఫ్ సంగతి. నూనె రాకముందు ఈ తీరమంతా ముత్యాల వేట, పడవల వ్యాపారం. బొంబాయితో రాకపోకలు ఎంత దగ్గరగా ఉండేవంటే ఇక్కడ బజార్లో నడిచింది మన రూపాయే. బంగారం దొంగరవాణా ఆపడానికి 1959లో భారత ప్రభుత్వం ఈ ప్రాంతానికి వేరే గల్ఫ్ రూపాయి అచ్చేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించేదాకా దుబాయ్‌లో చెలామణి అయ్యింది అదే. దిర్హం వచ్చింది 1973లో. ఇప్పుడు దిర్హం రేటు చూసుకుని రూపాయలు పంపే మనకు ఇది వింతగా ఉంటుంది కానీ, ఒకప్పుడు ఇక్కడివాళ్లు రూపాయలు లెక్కబెట్టుకున్నారు.

చదువు విషయంలో ముందు నడిచింది బహ్రెయిన్. 1919లో ముహర్రక్‌లో మగపిల్లలకు మొదటి ఆధునిక బడి, 1928లో ఆడపిల్లలకు బడి తెరిచారు. 1932లో అక్కడ నూనె పడింది. నూనె కంపెనీకి లెక్కలు రాసేవాళ్లు, టైపిస్టులు, మెకానిక్కులు, గుమస్తాలు కావాలి. వాళ్లలో చాలామందిని మన దేశం నుంచే తెచ్చుకున్నారు. కంపెనీ పెద్ద దొరలకు మాత్రం ఏర్పాటు వేరుగా ఉండేది. సౌదీలో ధహ్రాన్ దగ్గర అరాంకో కంపెనీ తన అమెరికన్ ఉద్యోగుల పిల్లలకు తానే బడి నడిపింది. ఇల్లు కంపెనీదే, బడి కంపెనీదే, బస్సు కంపెనీదే. ఇంగ్లీషువాళ్లకు బహ్రెయిన్‌లో 1961లో సెయింట్ క్రిస్టోఫర్స్ వచ్చింది. దుబాయ్‌లో 1963లో దుబాయ్ ఇంగ్లిష్ స్పీకింగ్ స్కూల్ వచ్చింది.

మన గుమస్తాలకు, వ్యాపారులకు ఇలా పెట్టిచ్చేవాళ్లు ఎవరూ లేరు. వాళ్లు తామే పూనుకున్నారు. బహ్రెయిన్‌లో ఇండియన్ స్కూల్ 1950లో మొదలైంది. ఇసా టౌన్‌లో, రిఫాలో క్యాంపస్‌లతో గల్ఫ్‌లోని పెద్ద భారతీయ బడుల్లో ఇప్పుడు అదొకటి. దాని కమిటీని పిల్లల తల్లిదండ్రులు ఓట్లు వేసి ఎన్నుకుంటారు. ఆ ఎలక్షన్లు చూస్తే మన ఊరి సర్పంచ్ ఎన్నికలు గుర్తొస్తాయని అక్కడ ఉన్న మనవాళ్లు నవ్వుతారు. ప్యానెళ్లు, పోస్టర్లు, రాష్ట్రాలవారీగా ఓట్ల లెక్కలు అన్నీ ఉంటాయి. నవ్వినా సరే, ఫీజు పెంచాలంటే తల్లిదండ్రుల ముందు నిలబడి జవాబు చెప్పాల్సిన కమిటీ ఉండటం చిన్న విషయం కాదు.

1959లో కువైట్‌లో భారతీయుల కమ్యూనిటీ స్కూల్ వచ్చింది. 1961లో దుబాయ్‌లో ఇండియన్ హైస్కూల్ వచ్చింది. దుబాయ్ బడి దగ్గర కొంచెం ఆగాలి. కట్టడాల పనిలో ఉన్న మాకు ఏ ఊళ్లో ఏది ముందు కట్టారు అన్నది సహజంగానే పట్టుకుంటుంది. దుబాయ్‌లో కరెంటు కంపెనీ పెట్టింది 1959లో. ఎయిర్‌పోర్టు 1960లో తెరిచారు, అప్పుడు రన్‌వే గట్టి చేసిన ఇసుకే, తారు కూడా లేదు. పెద్ద పడవలు రావడానికి ఖోర్ అడుగున పూడిక తీసింది కూడా ఆ రోజుల్లోనే. నూనె బయటపడింది 1966లో. అంటే తారు రన్‌వే లేని ఊళ్లో, నూనె లేని ఊళ్లో, యూఏఈ అనే దేశమే పుట్టని రోజుల్లో మనవాళ్లు బడి పెట్టుకున్నారు. పెట్టినవాళ్లు ఎక్కువగా బట్టల, బంగారం వ్యాపారులు. అప్పటి పాలకుడు షేక్ రాషిద్ బడికి స్థలం ఇచ్చారు. లాభం తీసుకోని బడిగానే అది ఇప్పటికీ నడుస్తోంది.

ఆ తర్వాత రెండో రకం బడులు వచ్చాయి. కేరళ నుంచి 1959లో దుబాయ్ వచ్చిన వర్కీ దంపతులు ఇద్దరూ టీచర్లు. ముందు ఇంగ్లీషు చెప్పుకుంటూ, 1968లో 'అవర్ ఓన్' అనే బడి పెట్టారు. వాళ్ల కొడుకు సన్నీ వర్కీ 1980లో దాన్ని చేతుల్లోకి తీసుకుని పెద్ద వ్యాపారం చేశాడు. ఇప్పుడు జెమ్స్ పేరుతో ఎన్నో బడులు ఉన్నాయి. అందులో మన సిలబస్ ఉన్న తక్కువ ఫీజు బడులూ ఉన్నాయి, మన ఏడాది జీతం మొత్తం పోసినా ఒక పిల్లోడి ఫీజుకు చాలని బడులూ ఉన్నాయి. పేరు ఒకటే, గేట్లు వేరు. బయట బోర్డు చూసి "జెమ్స్‌లో వేద్దాం" అనేవాళ్లు ఏ జెమ్స్ అని అడిగి తెలుసుకోవాలి.

సౌదీలో ఇంకో తీరు. జెద్దాలో 1969లో, రియాద్, దమ్మామ్‌లలో 1982లో వచ్చిన ఇండియన్ స్కూళ్లు మన రాయబార కార్యాలయం నీడలో నడుస్తాయి. దోహాలో ఎంఈఎస్ 1974లో, మస్కట్‌లో ఇండియన్ స్కూల్ 1975లో వచ్చాయి. ఈ తారీఖులు వరసగా పెట్టి చూస్తే ఒకటి కనబడుతుంది. 1973లో నూనె ధర పెరిగి, డబ్బు వరదలా వచ్చి, కట్టడాలు లేచి, వేల మంది కూలీలు దిగిన కాలంలోనే ఎక్కువ బడులు పుట్టాయి. కానీ ఆ బడుల్లో కూర్చున్నది ఆ కూలీల పిల్లలు కాదు.

ఎందుకు కాదో మనకు తెలిసిందే. తెలుగువాళ్లు గల్ఫ్‌కు గుంపులుగా రావడం ఈ దశలోనే పెరిగింది. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు, హెల్పర్లు వచ్చారు. కడప నుంచి డ్రైవర్లు, ఇళ్లల్లో పనివాళ్లు వచ్చారు. గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లకు పనికి వచ్చారు. వీళ్లకు దొరికింది క్యాంపులో మంచం, రెండేళ్లకో లీవు. ఫ్యామిలీ వీసాకు జీతం గీత గీశారు. కొన్ని పనులవాళ్లకు జీతం ఉన్నా ఇవ్వలేదు. యూఏఈలో 2019లో ఈ పని, ఆ పని అన్న తేడా తీసేసి, నెలకు 4,000 దిర్హాలు గానీ, ఇల్లు కంపెనీ ఇస్తే 3,000 దిర్హాలు గానీ ఉంటే చాలన్నారు. ఫోర్‌మన్‌కు, ఏసీ టెక్నీషియన్‌కు, హెవీ డ్రైవర్‌కు తలుపు కొంచెం తెరుచుకుంది అప్పుడే. మాకు ఫోన్లు పెరిగిందీ ఆ తర్వాతే.

కానీ వీసా వచ్చినంత మాత్రాన బడి రాదు. నాలుగు వేల జీతంలో గది అద్దె పోను మిగిలేదెంత? ఫీజు ఒక్కటే చూసి లెక్క వేసుకుంటే మోసపోతాం. బస్సు ఫీజు వేరు, పుస్తకాలు వేరు, యూనిఫాం వేరు, ల్యాబ్ వేరు, అడ్మిషన్ వేరు. ఇద్దరు పిల్లలుంటే బస్సు ఖర్చే గుండెల మీద కుంపటి. ఇంటి దగ్గర నడిచిపోయే బడి ఇక్కడ ఎవరికీ ఉండదు, ఎండకు నడవనూ లేరు. బడి చూడకముందు బస్సు రూటు చూడండి అని మేము చెప్పేది అందుకే.

సౌదీలో తలుపు తెరుచుకున్నట్టే తెరుచుకుని మళ్లీ మూసుకుంది. 2017 జూలై నుంచి ఇంట్లో ఆధారపడిన ఒక్కొక్కరి మీద నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టారు. ఏటా వంద చొప్పున పెంచి 2020కి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్లు. బడి ఫీజు కన్నా ముందు ఇది కట్టాలి. ఎన్నో కుటుంబాలు సగం చదువులో పిల్లల్ని తీసుకుని ఊరికి పోయాయి. తండ్రి మళ్లీ బ్యాచిలర్ రూమ్‌కి వచ్చాడు.

ఇంతకన్నా పెద్ద దెబ్బ 1990లో కువైట్‌లో పడింది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. వేసవి సెలవులు, కొన్ని కుటుంబాలు అప్పటికే ఊళ్లో ఉన్నాయి, మిగతావాళ్లు ఇరుక్కున్నారు. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో లక్ష మందికి పైగా తీసుకొచ్చారు. చేతిలో సంచి తప్ప ఏమీ లేకుండా వచ్చినవాళ్లలో బడి పిల్లలూ ఉన్నారు. టీసీ లేదు, మార్కుల మెమో లేదు. ఆ తర్వాత గల్ఫ్‌లో ఉండి వచ్చిన పెద్దవాళ్లు చెప్పే ఒక అలవాటు ఉంది: పిల్లల సర్టిఫికెట్ల జిరాక్సులు ఎప్పుడూ ఊళ్లో ఒక సెట్టు. ఇప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి ఇంటికి పంపితే చాలు. 2020లో కరోనా వచ్చి వందే భారత్ విమానాల్లో ఎగబడినప్పుడు ఈ జాగ్రత్త చాలామందికి పనికొచ్చింది.

ఈ సిలబస్ సంగతి కూడా చరిత్రలో భాగమే. మన బడులు ఎక్కువగా సీబీఎస్ఈవి, కొన్ని కేరళ బోర్డువి. దీన్ని తక్కువ రకం అనుకోకండి. జెనీవా బడి ఏ అవసరానికి పుట్టిందో మనకు సీబీఎస్ఈ ఆ అవసరమే తీరుస్తుంది. ఉద్యోగం పోయినా, కంపెనీ మూతబడ్డా, పిల్లోడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అదే పుస్తకం తెరిచి కూర్చోగలడు. బ్రిటిష్ సిలబస్ బడి సెప్టెంబర్‌లో మొదలవుతుంది, మన సిలబస్ బడి ఏప్రిల్‌లో. ఐదు నెలల తేడా ఉన్నచోట మధ్యలో మారితే పిల్లోడికి ఒక ఏడాది పోయే ప్రమాదం ఉంది. మా జీతం మీద, మా కాంట్రాక్టు మీద ఎంత నమ్మకం ఉందో చూసుకుని, మన సిలబస్ బడికే పొమ్మని మేము చెబుతాం. ఎవరైనా గొప్ప కోసం వేరే చోట చేర్చి అప్పు చేస్తే అది వాళ్ల ఇష్టం.

బడి మంచిదో కాదో చూడటానికి దుబాయ్‌లో ఒక సౌకర్యం ఉంది. 2006లో కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. 2008-09 నుంచి ప్రైవేటు బడులను తనిఖీ చేసి రిపోర్టులు బయటపెట్టారు. అత్యుత్తమం నుంచి బాగా బలహీనం దాకా ఆరు మెట్లు. ఆ మెట్టును బట్టే ఫీజు ఎంత పెంచుకోవచ్చో కూడా లెక్క ఉండేది. అబుధాబిలో ఈ పని అడెక్ చేస్తుంది. సైట్ మీద థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ లేకుండా స్లాబ్ పొయ్యనివ్వరు కదా, ఇదీ అలాంటిదే. రిపోర్టు ఏ ఏడాదిదో చూడండి. పాత రిపోర్టు చూపి కొత్త ఫీజు అడిగేవాళ్లుంటారు. గోడలకు వేసిన రంగు చూసి నిర్ణయించకండి. జూలై, ఆగస్టు నెలల్లో బడుల్లో రంగులు, టైల్స్, ఏసీ డక్టుల పని ఎంత హడావుడిగా అవుతుందో ఆ పని చేసే మాకు తెలుసు. తరగతిలో ఎంతమంది పిల్లలు కూర్చుంటున్నారో, టీచర్లు ఏడాది తిరక్కుండా మారిపోతున్నారో అడగండి. గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లుల్ని అడిగితే ఆఫీసులో చెప్పనిది చెబుతారు.

ఊరి నుంచి పిల్లోణ్ణి తెచ్చేటప్పుడు టీసీ మీద ముద్రలు పడాలి. మన రాష్ట్ర విద్యాశాఖ అధికారి సంతకం, విదేశాంగ శాఖ ముద్ర, ఆ దేశపు ఎంబసీ ముద్ర. దేశాన్ని బట్టి, తరగతిని బట్టి తేడా ఉంటుంది. వీసా కొట్టించి, టికెట్ కొని, ఇక్కడికి వచ్చాక ఈ ముద్రల కోసం టీసీని కొరియర్‌లో వెనక్కి పంపిన కుటుంబాలను చూశాం. ముందు టీసీ, తర్వాత టికెట్.

తెలుగు సంగతి చెప్పకపోతే ఈ పుస్తకంలో రాయడమే దండగ. యూఏఈ ప్రైవేటు బడుల్లో తొమ్మిదో తరగతి దాకా అరబిక్ తప్పనిసరి. ఇంగ్లీషు ఉంటుంది. మిగిలిన చోట హిందీయో, మలయాళమో, ఫ్రెంచో కూర్చుంటుంది. సీబీఎస్ఈ భాషల పట్టికలో తెలుగు ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, తెలంగాణకు ఒకటి, రెండు పుస్తకాలు కూడా ఉన్నాయి. పట్టికలో ఉంటే చాలదు, బడిలో టీచర్ ఉండాలి. తరగతికి చాలినంత మంది పిల్లలు అడిగితేనే బడి టీచర్‌ను పెడుతుంది. మలయాళీలు సంఖ్యలో ఉన్నారు, గుంపుగా పోయి అడిగారు, తెచ్చుకున్నారు. మనవాళ్లు ఒక్కో బడిలో పది మంది, పన్నెండు మంది చొప్పున చెదిరిపోయి ఉంటారు. దీని దెబ్బ తిరిగి పోయాక తెలుస్తుంది. 2018లో తెలంగాణ చట్టం చేసి, ఏ బోర్డు బడి అయినా ఒకటి నుంచి పది దాకా తెలుగు చెప్పాల్సిందే అన్నది. ఆరో తరగతికి తిరిగి పోయిన పిల్లోడికి అ ఆ ల దగ్గర నుంచి మొదలవుతుంది. శుక్రవారమో, ఆదివారమో గంట సేపు ఇంట్లో తెలుగు రాయించడం ఆ తండ్రికి, తల్లికి తప్పదు. నాన్నమ్మకు వాట్సాప్‌లో తెలుగులో ఉత్తరం రాయించేవాళ్లున్నారు, అది మాకు బాగా నచ్చింది.

ఇప్పుడు పిల్లల్ని తెచ్చుకోలేనివాళ్ల సంగతి. మన ఫోరంలో ఎక్కువమంది వీళ్లే. దుబాయ్‌లో, మస్కట్‌లో బడులు లేస్తున్న ఆ రోజుల్లోనే మన దగ్గర ఒక పని జరిగింది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. తిండి, పడక, చదువు ఒకేచోట, పేద పిల్లలకు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత నవోదయ బడులు వచ్చాయి. వాటిలో 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే. తండ్రి క్యాంపులో, తల్లి ఒక్కతే పొలం, అత్తమామల బాధ్యత మోస్తున్న ఇంటికి ఇవి చేసిన మేలు ఏ ఇంటర్నేషనల్ స్కూల్ చెయ్యలేదు. మా ఉద్దేశంలో గల్ఫ్ కార్మికుడి పిల్లోడికి నిజమైన బడి గురుకులమే. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ కార్మికుల మేలు కోసం ఇచ్చిన ఉత్తర్వుల్లో గురుకులాల్లో వాళ్ల పిల్లల సీట్ల మాట కూడా చేర్చింది. మీ అకామా లేదా వీసా కాపీ ఇంటికి పంపి ఉంచండి, దరఖాస్తు పెట్టేటప్పుడు మీ భార్య ఆఫీసుల చుట్టూ తిరగకుండా ఉంటుంది.

ఇంజనీరింగ్ చదివే వయసు పిల్లలున్నవాళ్లు దాసా అనే పేరు రాసుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్ల పిల్లలకు ఎన్‌ఐటీల వంటి కాలేజీల్లో ఇచ్చే సీట్లు అవి. అందులో మూడో వంతు గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు పెట్టారు. వాళ్లకు ట్యూషన్ ఫీజు డాలర్లలో కాదు, మన దేశంలో చదివినవాళ్లతో సమానంగా ఉంటుంది. జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి, నిబంధనలు ప్రతి ఏడాది కొత్తగా వస్తాయి కాబట్టి ఆ ఏటి కాగితం చదివే దరఖాస్తు చెయ్యాలి.

చివరగా పిల్లల బడి కాదు, మన బడి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ అవుతుంది. గల్ఫ్ దేశాలన్నీ కలిపి 18 దేశాలకు క్లియరెన్స్ లేకుండా పనికి పోకూడదు. ఏజెంట్ ఎక్కువ డబ్బు గుంజేది, విజిట్ వీసా మీద ఎక్కించేది ఈ పాస్‌పోర్టుల వాళ్లనే. ఆ ఒక్క పదో తరగతి మెమో లేక సూపర్‌వైజర్ పోస్టుకు పేరు పంపలేని మేస్త్రీలు, మాకన్నా పని తెలిసినవాళ్లు, సైట్ల మీద ఉన్నారు. ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్‌కు గల్ఫ్ దేశాల్లో కూడా సెంటర్లు ఉన్నాయి, వయసు అడ్డం లేదు. పదో తరగతి సబ్జెక్టుల్లో తెలుగు ఉంది. ఐదు సబ్జెక్టులు పాస్ కావాలి, ఒకేసారి రాయనక్కర్లేదు, ఐదేళ్లలో కొంచెం కొంచెంగా రాసుకోవచ్చు. ఈ ఏడాది రాయాలనుకునేవాళ్లు పాస్‌పోర్టు కాపీ, పుట్టిన తేదీ రుజువు, పాత బడి టీసీ ఉంటే అది పట్టుకుని సెలవు రోజు సాయంత్రం ఫోరం గదికి రండి. ఫారం నింపడానికి, లెక్కలు చెప్పడానికి మేము ఉంటాం.